గోడమీది జపాన్ ఆడమనిషి

దేశంకాని దేశంలో, టకానిని ఊళ్ళో కొత్తిల్లు. సత్యనారాయణ వ్రతం అయిపోయింది, తాంబూలాలే తరువాయి. అందరి కళ్ళూ మాత్రం హాలు గోడమీది జపాన్ బొమ్మ మీద. చెక్కమీద చెక్కి అచ్చు వేసిన పాతకాలం బొమ్మ, ఇంటి ఇల్లాలు కిరణ్మయి టౌరంగా ఊళ్ళో ఒక సెకండ్ హ్యాండ్ షాపులో కొన్నది. తలనిండా దువ్వెనలు, పొడుగాటి సూదులు, పొరలు పొరలుగా పట్టుబట్టలు. ఎవరో మహారాణి అనుకున్నారంతా. హామిల్టన్ నుంచి వచ్చినావిడ తన కూతుర్ని దాని పక్కన నిలబెట్టి ఫొటో కూడా తీసింది.

రాణి కాదని కిరణ్మయికి తెలుసు. తెలిసే కొన్నది. ఆమె అమ్మమ్మ కళావంతుల ఇంటి మనిషి. భర్త దుర్గేష్‌కి పెళ్ళికి ముందే చెప్పింది. మా అమ్మకి మాత్రం చెప్పకు అని ఒట్టు వేయించుకున్నాడు. మంచివాడే. మంచివాళ్ళే ఇలాంటి ఒట్లు వేయించుకుంటారు. అప్పట్నుంచీ ఆమె నోరు కుట్టుకునే ఉంది.

బాలసుబ్రహ్మణ్యం అంకుల్ ఊరుకునే రకం కాదు. బొమ్మకేసి ఫోను పెట్టి వెతికాడు. చదివి, గొంతు తగ్గించాడు, అందరికీ వినబడేంతగానే తగ్గించాడు.

"రాణీ లేదు గీణీ లేదు. నడుంకట్టు ముడి ముందుకుంది చూడండి. అక్కడి సానులే అలా కట్టేవాళ్ళట. బోగందాని బొమ్మ తల్లీ ఇది."

హామిల్టన్ ఆవిడ ఫోను తీసి ఫొటో చెరిపేసింది. ఇందాకటి పట్టుబట్టలే, ఇందాకటి మొహమే. అందాకా ముద్దొచ్చింది కదా, ఇప్పుడేమైంది?

సోఫాలోంచి అత్తగారు మంగాదేవి, ముందు ఆ దరిద్రాన్ని దింపండి, తాంబూలాల సంగతి తర్వాత, అంది. దుర్గేష్ కుర్చీ లాక్కుని ఎక్కాడు. ఫ్రేము మీద చెయ్యేసి భార్య వైపు చూశాడు. నోరెత్తకు అని బతిమాలుతున్న చూపు అది. కిరణ్మయి పసుపు కుంకుమల పళ్ళెంతోనే కుర్చీ దగ్గరికి వచ్చింది. ఇవాళ అది దిగితే ఈ ఇంట్లో అమ్మమ్మ ఇంకెప్పటికీ లేనట్టే.

"దింపకు. మా అమ్మమ్మా బోగంమనిషే."

అంకుల్ నవ్వాడు. జోకు బాగుందమ్మా అన్నాడు.

"జోకు కాదంకుల్. మీబోటివాళ్ళ ఇళ్ళల్లో పెళ్ళయితే నల్లపూసలు గుచ్చడానికి మా అమ్మమ్మనే పిలిచేవాళ్ళు. ఆవిడ పెళ్ళి దేవుడితో, వైధవ్యం లేదు కదా, ఆ చేత్తో గుచ్చితే పిల్ల పదికాలాలు ముత్తైదువగా ఉంటుందని. గుచ్చినంతసేపూ లక్ష్మీదేవి. గుచ్చాక వీధరుగు మీద అన్నం."

అంకుల్‌కి తన చెప్పులు గుర్తొచ్చాయి. హామిల్టన్ ఆవిడకి మోటార్‌వే మీద ట్రాఫిక్ గుర్తొచ్చింది. మంగాదేవి వాళ్ళనెవర్నీ చూడలేదు. నల్లపూసల మాట అబద్ధమని కూడా అనలేదు. కొడుకునే చూస్తోంది.

"నీకు తెలుసా?"

తెలీదంటే చాలు. అందరూ నమ్ముతారు, పాపం మోసపోయాడంటారు. కిరణ్మయి అతని వైపు చూడలేదు. చూస్తే బతిమాలినట్టుంటుంది.

"తెలుసమ్మా. పెళ్ళికి ముందే."

ఫ్రేము వదిలేసి కుర్చీ దిగాడు. మంగాదేవి లేచి గదిలోకి వెళ్ళి తలుపేసుకుంది. మొదటి తాంబూలం ఆవిడకే ఇవ్వాలి. కిరణ్మయి పళ్ళెంతో వెళ్ళి తలుపు తట్టి పిలిచింది.

"నీ చేతి బొట్టు నాకొద్దు," లోపల్నుంచి.

"అయితే వద్దులెండి అత్తయ్యగారూ. బొమ్మ మాత్రం అక్కడే ఉంటుంది."

తిరిగొచ్చేసరికి పేరంటాళ్ళు ముగ్గురే మిగిలారు. ఇద్దరు కొంగు పట్టారు. మూడో ఆమె మూసిన తలుపు వంక చూసి, కాసేపు తటపటాయించి, తనూ కొంగు పట్టింది. బొట్టు పెట్టించుకుంటూ మెల్లగా, మీ అమ్మమ్మగారి పేరేంటి అని అడిగింది.

"మాణిక్యం."

దుర్గేష్ తలెత్తాడు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో అతనా పేరు ఎప్పుడూ అడగలేదు.