పన్నెండు లోపు పడిన కవరు

నేను ఒక టెండరు పెట్టెను. మున్సిపల్ ఆఫీసు వరండాలో, కమిషనర్ గది కిటికీ పక్కన, గోడకు బిగించి ఉండేవాణ్ని. వెల్డింగు షాపు అప్పన్న ఒక పాత డ్రమ్ము రేకును కోసి, సాగగొట్టి నన్ను చేశాడు. నెత్తిన కవరు పట్టేంత చీలిక, ముందు చిన్న తలుపు, దానికో తాళంకప్ప. ఆకుపచ్చ రంగు మీద పేరు రాసిన పెయింటరు ఒత్తు మరిచిపోయి ‘టెండరు పెటె’ అన్నాడు. ఇరవై రెండేళ్లలో ఎవరూ దిద్దలేదు. ఆ దారినే పోయే ఇంజనీర్లూ, పంతుళ్లూ కూడా దిద్దలేదు.

నా కడుపులో పడని వ్యాపారం లేదు. కొబ్బరిచెట్ల ఫలసాయం, సైకిల్ స్టాండు, సంతలో ఆశీలు వసూలు. ప్రతిసారీ ముందు గోడ మీద ఒక నోటీసు అంటించేవారు. దాన్ని చదివిన ప్రతివాడూ పని తనకే వచ్చేసినట్టు మీసం దువ్వుకునేవాడు. రమ్మన్నంత మాత్రాన ఇస్తామన్నట్టు కాదని తెలిసేసరికి సగంమంది కోపంగా వెళ్లిపోయేవారు.

సన్యాసమ్మ కథ మాత్రం వేరు.

ఆఫీసు గేటు పక్కన ఆమె టిఫిన్ బండి పెట్టి పదకొండేళ్లయింది. భర్త లేడు. కూతురు నర్సింగు చదువుతోంది. ఆ ఏడాది ఆవరణలో కాంటీన్ కట్టారు. కాంటీన్ తెరిచాక గేటు దగ్గర బళ్లు ఉండకూడదని తీర్మానించారు. కాంటీన్ లీజుకు టెండర్లు పిలిచారు. దక్కితే బతుకు, దక్కకపోతే బండి తోసుకుని ఎక్కడికో పోవాలి. అందుకని ఆమె కూతురిచేత నోటీసు మూడుసార్లు చదివించుకుంది. శుక్రవారం మధ్యాహ్నం పన్నెండు గంటలలోగా పెట్టెలో వేయాలి. గడువులోగా వచ్చిన టెండర్లన్నీ తెరిచి పరిశీలిస్తారు. ఎక్కువ అద్దె ఇస్తామన్నవారికి ప్రాధాన్యం. కారణం చూపకుండా ఏ టెండరునైనా తిరస్కరించే అధికారం కమిషనరుకు ఉంది.

ఆ శుక్రవారం నా తాళంచెవి గుమాస్తా వరహాలరావు దగ్గర ఉంది. చెడ్డవాడు కాదు. బావమరిది గృహప్రవేశం భోజనాలకు తొందరలో ఉన్నాడు, అంతే. పదకొండుంబావుకే నన్ను తెరిచి, ఉన్న రెండు కవర్లూ తీసుకుని, ‘పన్నెండు గంటలకు తెరవడమైనది’ అని రిజిస్టరులో రాసి వెళ్లిపోయాడు. ఇరవై నిమిషాల తర్వాత సన్యాసమ్మ వచ్చింది. చెయ్యి కొంగుకు తుడుచుకుని, కవరును కళ్లకద్దుకుని నాలో వేసింది. అది నా ఖాళీ అడుగున టప్పున పడింది. తెల్లారి వరహాలరావు తలుపు తీసి, కవరు చూసి, చుట్టూ కలయజూశాడు. ‘గడువు దాటి వచ్చినది’ అని దాని మీద ముద్ర గుద్దాడు.

కాంటీన్ దాలినాయుడికి ఖాయమవుతోందని సోమవారం తెలిసింది. అతను లారీల కాంట్రాక్టరు. పొయ్యి రాజేయడం ఎరగడు.

సన్యాసమ్మ ప్లీడరు పట్నాయక్‌ను వెంటబెట్టుకు వచ్చింది. రోజూ ఆమె బండి దగ్గర ఇడ్లీ తినే ముసలాయన. ఇద్దరూ నా కింద ఉన్న బల్ల మీద కూర్చున్నారు.

“బాబూ, రమ్మని ఆళ్లే రాసినారు. నానొచ్చినాను. మరి ఇయ్యాల గదా?” అంది.

“అక్కర్లేదమ్మా. నోటీసు అనేది ఉత్త పిలుపు. నువ్వు వేసిన కవరుందే, అదీ అసలు ప్రతిపాదన. దానికి ఊఁ అనాలో ఊహూఁ అనాలో వాళ్లిష్టం. ఊఁ అన్నప్పుడే ఒప్పందం. పెళ్లిచూపులకు రమ్మన్నవాళ్లు పిల్లనిచ్చి తీరాలని ఎక్కడైనా ఉందా?”

సన్యాసమ్మ కమిషనర్ గది తలుపు వైపు చూసింది.

“నేదు బాబూ. కానీ చూపులకి రమ్మని, వచ్చినోళ్లని ఈదిలోనే నిలబెట్టి తలుపేసుకుంటారేటి?”

పట్నాయక్ కళ్లజోడు తీసి ఆమె వంక చూశాడు. “అదీ మాట. ఆ మాటే కమిషనర్ గారితో అందాం. పని ఇవ్వమని అడగొద్దు. వేళకు వేసిన కవరు తెరిచి చదువుతామని వాళ్లే రాశారు కాబట్టి చదవమని అడుగుదాం. అంతవరకే మన హక్కు.”

కమిషనర్ హేమనళిని కొత్తగా వచ్చినావిడ. వాళ్లిచ్చిన అర్జీ చదివి, గదిలోంచి లేచి వరండాలోకే వచ్చేసింది. వరహాలరావును పిలిచింది. దాలినాయుడూ వచ్చి స్తంభానికి ఆనుకున్నాడు.

“పన్నెండుకి తెరిచానండి. అప్పటికి ఈ కవరు లేదు. రిజిస్టరులో ఉంది చూడండి” అన్నాడు వరహాలరావు.

“నానేసినప్పుటికి పన్నెండు గంటల సైరను కొట్టనేదమ్మా” అంది సన్యాసమ్మ.

“చూసినవాళ్లు ఎవరైనా ఉన్నారా?”

బంట్రోతు సింహాచలం అక్కడే ఉన్నాడు. అతని సెలవు చీటీల మీద సంతకం పెట్టించేది వరహాలరావే. సింహాచలం తలపాగా విప్పాడు, మళ్లీ చుట్టుకున్నాడు. వరహాలరావు వైపు చూసి చూపు తిప్పేసుకున్నాడు. చెప్పడనే అనుకున్నాను. నోరున్నవాళ్లు దాన్ని మూసుకోవడానికి పడే శ్రమ నేను చాలాసార్లు చూశాను.

“అమ్మగోరూ, మద్దేన్నం సైరను మీట నొక్కేది నానే. ఆయమ్మ కవరేసి, గేటు దాటి ఎల్లిపోయినాక నొక్కినాను. గుమాస్తా బాబు అప్పుటికే మోటారుసైకిలెక్కి ఎల్లిపోనారు” అన్నాడు.

వరహాలరావు రిజిస్టరు మూసేశాడు. “భోజనాలకు ఆలస్యమవుతుందనీ... ఇంకెవరూ వెయ్యరనుకున్నానండి” అన్నాడు నెమ్మదిగా.

 అతనికి మెమో తర్వాత వచ్చింది. ముందు కమిషనర్ ఆ కవరు తెమ్మని, ముద్ర వేసిన చోట గీత కొట్టి, సంతకం చేసి, అందరి ముందూ చించింది.

నోటీసు అడిగింది అద్దె ఎంత ఇస్తారనే. సన్యాసమ్మ మూడు పేజీలు రాయించింది. కమిషనర్ పైకి చదవసాగింది. పొద్దున్న ఇడ్లీ, గంటెల అంబలి, అదే సజ్జ అంబలి. మధ్యాహ్నం అన్నం, పప్పు, ఒక కూర. పారిశుద్ధ్య కార్మికులు తెల్లవారుజామున పనిలోకి దిగుతారు కనుక వారికి ఐదింటికే టీ. పని బట్టలతో వచ్చినవాళ్లను కూడా లోపలే, బల్లల దగ్గరే కూర్చోబెడతాను. ఆ వాక్యం దగ్గర చీపుర్లు పట్టుకుని మెట్ల కింద నిలబడ్డ ఇద్దరు ఆడవాళ్లు ఒకరినొకరు చూసుకున్నారు.

చివర అద్దె అంకె వచ్చింది. అది దాలినాయుడి అంకె కంటే తక్కువ.

కమిషనర్ కాగితాలు మడిచింది. “సన్యాసమ్మా, నీ టెండరు పూర్తిగా చదివాం. కానీ ఎక్కువ ఇస్తానన్నవారిని కాదనడానికి నా దగ్గర కారణం లేదు. లీజు దాలినాయుడికే ఇవ్వాలి.”

“కారణం సూపక్కర్నేదని నోటీసులో రాసినారు గదమ్మా” అంది సన్యాసమ్మ.

వరండాలో అందరూ నవ్వారు. కమిషనరూ నవ్వింది గాని మాట మార్చలేదు. సన్యాసమ్మ నవ్వలేదు. దణ్ణం పెట్టి, “సదివినారు. అదే అడిగినాను” అని మెట్లు దిగబోయింది. మూడో మెట్టు మీద గోడ పట్టుకుని నిలబడిపోయింది.

“సన్యాసమ్మా, ఆగు” అన్నాడు వెనకనుంచి దాలినాయుడు. “నాకు వంటమనిషి కావాల. నువ్వొచ్చీ. నెలజీతం ఇస్తాను.”

ఇంతకాలం ఆమె అడిగేది, వాళ్లు అవుననో కాదనో అనేవారు. ఇప్పుడు అడిగినవాడు అతను. అవుననడమూ కాదనడమూ ఆమె చేతిలో పడింది. ఆమె గోడ వదిలి నిటారుగా నిలబడింది.

“జీతానికి రాను నాయుడూ. వంటిల్లు నాది, లాభంలో సగం వాటా నాది అంటే వస్తాను. పాకీవోళ్లకి ఐదింటికి టీ కూడా నాను రాసినట్టే జరగాల.”

“సగమా!”

“ఆలోసించుకుని సెప్పు. తొందరేటీ నేదు.”

అతను విసురుగా వెళ్లిపోయాడు. పట్నాయక్ ఆమె పక్కకు వచ్చి, “నువ్వు వేరే షరతు పెట్టావు కాబట్టి వాడన్న మాట రద్దయిపోయిందమ్మా, ఇప్పుడు నిలబడ్డది నీ మాటే” అన్నాడు. ఆమె మూడు రోజులు బండి దగ్గర ఎవరితోనూ సరిగా మాట్లాడలేదని సింహాచలం చెప్పుకున్నాడు. నాలుగోనాడు దాలినాయుడు ఆమె బండి దగ్గర టిఫిన్ తిని, రెండోసారి చట్నీ వేయించుకుని, “సరే, కాయితం రాయించు” అన్నాడట.

కాంటీన్ ఇప్పటికీ నడుస్తోంది. టెండర్లు మాత్రం కంప్యూటర్లోకి వెళ్లిపోయాయి. నన్ను గోడ నుంచి పీకి, విరిగిన కుర్చీలతో కలిపి పాత సామాను గదిలో వేశారు. కిందటి నెలలో వేలం పెట్టారు. ఇనుము కొనేవాడొకడు నన్ను చేత్తో తూచి ఏదో ధర పాడాడు. అధికారి చాలదని సుత్తి కొట్టలేదు. పాడినవాడు పెద్ద గొడవ చేసి వెళ్లాడు. మళ్లీ వేలం ఎప్పుడో గోడ మీద అంటించారు. అది పిలుపు మాత్రమే. ఎవరో వచ్చి అడగాలి, ఇంకెవరో సరే అనాలి. అందాకా నేను మున్సిపాలిటీ సొత్తునే.