గోడకి మూడడుగులు

డబ్బా మూత తీయగానే ఇన్‌స్పెక్టరు ముందు తుమ్మాడు, ఆ తర్వాతే కర్ర పెట్టి లోపల కెలికాడు.

"ఇంట్లో ఎంతమంది ఉంటారండీ?"

"నేనొక్కదాన్నే," అంది టైలరక్క.

"ఒక్కరే ఇన్ని బంగాళదుంపలు తిన్నారా?"

ఆమె కర్రవైపు చూసింది. కర్ర చివర తొక్కలు గుత్తిగా వేలాడుతున్నాయి. వాటికి అతుక్కుని నాలుగు అన్నం మెతుకులు.

"నాకు జలుబు, వాసన తెలీదు," అన్నాడతను ముక్కు తుడుచుకుంటూ. "మీరే చెప్పండి, కంపు కొడుతోందా?"

"లేదు బాబూ."

"కొట్టినా కొట్టదనే అంటారు లెండి."

మనిషి చెడ్డవాడిలా లేడు. చెత్తలో చెయ్యి పెట్టి పెట్టి చిరాకుపడ్డం కూడా మానేసినవాడిలా ఉన్నాడు. డబ్బా పొడవూ వెడల్పూ చూశాడు, అడుగున ఎలుకలు దూరకుండా వల ఉందో లేదో వంగి చూశాడు. చివరికి డబ్బాకీ గోడకీ మధ్య అరచెయ్యి దూర్చబోయాడు. వేళ్ళు కూడా పట్టలేదు.

"పెరట్లో ఎరువు చేసుకోవడం తప్పేం కాదండీ. మున్సిపాలిటీయే చేసుకోమంటోంది. కానీ దానికో పద్ధతుంది. వండినవి వెయ్యకూడదు. మీ ఇంటి చెత్తే వెయ్యాలి, ఊళ్ళో చెత్తంతా కాదు. మూత బిగుతుగా పెట్టాలి. అన్నిటికన్నా ముఖ్యం, పక్కింటి గోడకి మూడడుగుల ఎడం ఉండాలి. మీ డబ్బా గోడని వాటేసుకుని కూర్చుంది."

"జరపకపోతే?"

"పక్కింటివాళ్ళు నా ఎదుట నిలబడి సరే అంటే ఉంచుకోవచ్చు. లేదంటే జరపాలి. రెండూ కాకపోతే మావాళ్ళు వచ్చి పట్టుకుపోతారు. సోమవారం వస్తాను."

గేటు దగ్గర మళ్ళీ తుమ్మి వెళ్ళిపోయాడు.

టైలరక్క పెరట్లో నిలబడి గోడని చూసింది. మనిషికన్నా జానెడు ఎత్తు. అటువైపు వాళ్ళ తల కనబడదు, చెయ్యెత్తితే మాత్రం వేళ్ళు ఇటు దిగుతాయి. దిగి, గుప్పిట విప్పితే డబ్బాలో పడుతుంది. అదే డబ్బా మూడడుగులు ఇవతలికి వచ్చిందంటే ఇక ఏ చెయ్యీ అందదు.

అటువైపు ఉండేది ఆమె సొంత చెల్లెలు.

ఒకప్పుడు ఒకటే ఇల్లు, ఒకటే పెరడు. చిన్నప్పుడు చెల్లెల్ని అందరూ పిచ్చుక అనేవాళ్ళు, నిద్రలో కూడా నోరు మూతపడేది కాదు గనక. అమ్మ పోయినప్పుడు పిచ్చుక వేరే ఊళ్ళో పనిలో ఉంది. తను వచ్చేసరికి అక్క ఇల్లంతా సర్దేసింది. అమ్మ బట్టలన్నీ ఉతికి, ఆరేసి, కత్తిరించి, ఇద్దరికీ చెరొక బొంత కుట్టి పెట్టింది. దర్జీదానికి అంతకన్నా ప్రేమగా ఏం చెయ్యాలో తెలీదు. పిచ్చుక ఆ బొంతని ముఖానికి ఆనించుకుని వాసన చూసింది. సబ్బు వాసన వచ్చింది.

"అమ్మ వాసన కూడా ఉంచలేదు నువ్వు," అంది. అంతే. ఆ తర్వాత మాటల్లేవు. కొన్నాళ్ళకి మేస్త్రీలొచ్చారు, గోడ లేచింది.

గోడ లేచిన మరుసటి ఏడు, ఒక పొద్దున్న డబ్బాలో తను వెయ్యని క్యారెట్ తొక్కలు కనబడ్డాయి. మర్నాడు ఉల్లిపాయ పొట్టు. ఆ మర్నాడు టీ పిప్పి. టైలరక్క ఎవరికీ చెప్పలేదు. ఆ రోజునుంచి రాత్రి పడుకోబోయే ముందు మూతని గోడవైపు సగం తెరిచి పెట్టడం అలవాటు చేసుకుంది. ఎప్పుడూ పొంచి చూడలేదు. చూస్తే ఆగిపోతుందని భయం.

చూడకపోయినా చదువుకునేది. తొక్కలు మందంగా ఉంటే పిచ్చుక కోపంలో ఉన్నట్టు. పల్చగా, పొడుగ్గా ఉంటే మనసు కుదుటపడినట్టు. ఉల్లిపొట్టు ఎక్కువైతే చుట్టాలొచ్చినట్టు. ఒకసారి వరసగా నిమ్మచెక్కలే పడ్డాయి. దగ్గు పట్టుకుందేమోనని ఆమె గోడమీద తేనె సీసా పెట్టింది. పొద్దున్నకి సీసా లేదు. ఆ రోజు ఆమె మూడు ప్యాంట్లు కురచ చేసింది, రెండు జిప్పులు మార్చింది, ఏ కుట్టూ తప్పలేదు. మిషను పాటపాడుతున్నట్టు నడిచింది.

ఈమధ్య మాత్రం డబ్బాలో అన్నం పడుతోంది. రోజూ. పిడికెడు కాదు, గిన్నెడు. వండినది వెయ్యకూడదని తెలుసు. తీసి పారెయ్యడానికి మాత్రం చేతులు రాలేదు. పిచ్చుక తినడం లేదు. ఎందుకు తినడం లేదు? ఆ ప్రశ్న మిషను చక్రంతోపాటు తిరుగుతూనే ఉంది.

ఇప్పుడు ఎవరో పుణ్యాత్ములు ఫిర్యాదు చేశారు.

ఎవరో తెలిస్తే కాళ్ళావేళ్ళా పడైనా వెనక్కి తీసుకోమనొచ్చు. ఆమె అనుమానం మేడమీది పెద్దాయన మీద. ఆయనకి పొద్దస్తమానం బాల్కనీలో నిలబడి ఊళ్ళో తప్పులు వెతకడమే పని. మర్నాడే వార్డు ఆఫీసుకి వెళ్ళింది. కిటికీ వెనక గుమాస్తా గోళ్ళు కత్తిరించుకుంటోంది.

"ఫిర్యాదు చేసినవాళ్ళ పేరు చెప్పకూడదమ్మా. రూలు."

"పేరు నాకు తెలుసు లెండి. మేడమీదాయనేగా. ఆయన నోరు ఊరందరికీ తెలుసు."

"మేడమీదాయనకి మీ గోడతో ఏం పని?" అంది గుమాస్తా తల ఎత్తకుండా. "డబ్బా మా గోడకే ఆనించారు, మా వంటింట్లోకి ఎలుక దూరింది అని గోల పెట్టిందావిడ..."

గోరు కత్తెర ఆగింది. గుమాస్తా నాలిక్కరుచుకుంది.

ఆ గోడకి అటువైపు ఇల్లొక్కటే. ఆ ఇంట్లో ఆడమనిషీ ఒక్కతే.

టైలరక్క ఇంటికి ఎలా వచ్చిందో ఆమెకే తెలీదు. పిచ్చుక ఫిర్యాదు చేసిందా? రోజూ తన చేత్తో తొక్కలు పంపుతూ, అదే చేత్తో ఫోను తీసి డబ్బా తీయించమందా? అలాగైతే ఇన్నాళ్ళూ పంపినదేమిటి? పోనీ పంపింది తను కాకపోతే?

ఆ ఆలోచన వచ్చాక ఇక చూడకుండా ఉండడం ఆమె తరం కాలేదు.

తెల్లవారుతూనే వెళ్ళి డబ్బా పక్కన గోడకి వీపు ఆనించి నిలబడింది. పక్షులు లేచాయి. పాలబండి వెళ్ళింది. అటువైపు చెప్పుల చప్పుడు అయింది, ఆగింది. గోడమీద చెయ్యి ప్రత్యక్షమైంది. గుప్పిట్లోంచి గుమ్మడి తొక్కలు జారుతున్నాయి.

వెంట్రుకల చెయ్యి. మణికట్టుకి వెడల్పాటి గడియారం.

ఆమె ఎగిరి ఆ మణికట్టు పట్టుకుంది.

అటువైపు నుంచి కీచుమన్న కేక. కేక పెట్టిన గొంతు మగగొంతు.

"అరవకండి, నేనే," అంది ఆమె.

"వదినా?" అన్నాడు పిచ్చుక మొగుడు, ఆమె మరిది, ఆయాసపడుతూ. "ఎలుక అనుకున్నాను. ప్రాణం పోయింది."

"ఎలుక మణికట్టు పట్టుకుంటుందా మరిదీ?"

"మా ఇంట్లో దూరిన ఎలుక మీరు చూడలేదు."

ఆమె చెయ్యి వదల్లేదు. వదిలితే ఏం తెలియకుండా పోతుందో అని పట్టు బిగించింది.

"రోజూ మీరే వేస్తున్నారా?"

"మరి? వంటపని నాదేగా. మీ చెల్లెలు బేకరీలో చేరాక తెల్లారకముందే వెళ్ళిపోతుంది. తను కత్తి ముట్టుకుని ఎన్నేళ్ళయిందో. చెత్తబండి వీధి చివర ఆగుతుంది, అంత దూరం మొయ్యలేక... మీరు మూత సగం తెరిచి పెడుతున్నారుగా, వెయ్యమనే అనుకున్నాను."

"మందంగా చెక్కిన తొక్కలు?"

"కత్తి మొద్దుబారితే ఏం చెయ్యను వదినా."

"నిమ్మకాయలు?"

"బుట్టెడు చవగ్గా దొరికాయి. ఎండలు కదా, షర్బత్ చేసుకున్నా."

"మరి తేనె?"

గోడమీద వేళ్ళు ముడుచుకున్నాయి. "అది నేనే తాగేశాను. మీరు పెట్టారని తెలిస్తే తను పారేసేది. మంచి తేనె."

టైలరక్క నవ్వబోయింది, నవ్వు రాలేదు. నాలుగేళ్ళుగా ఆమె తన చెల్లెలి కోపాన్నీ, దగ్గునీ, ఇంటికొచ్చిన చుట్టాల్నీ, ఆకలినీ ఈ మనిషి మొద్దు కత్తిలోంచి చదువుకుంది. పిచ్చుక గురించి తనకి తెలిసింది ఒక్క ముక్క కూడా లేదు. బేకరీలో పని చేస్తోందని కూడా ఈ పొద్దున్నే తెలిసింది.

"అన్నం ఎందుకు పారేస్తున్నారు? అది తినడం లేదా?"

"శుభ్రంగా తింటోంది. నాకే కొలత కుదరడం లేదు. మొన్నటిదాకా తనే కొలిచిచ్చేది, ఇప్పుడు టైము లేదంటోంది. మిగిలింది కనబడితే తిడుతుందని ఇటు వేసేస్తున్నాను. ఆ వాసనకే ఎలుక వచ్చింది. ఎలుక కనబడగానే తను వార్డు ఆఫీసుకి ఫోన్ చేసింది. నేనేం చెప్పను? నేనే వేశానని చెప్పనా? ఎలుక బయటికి, నేనూ బయటికి."

తింటోంది. ఆ ఒక్క మాటతో ఆమె పట్టు సడలింది. అతని చెయ్యి మాత్రం అక్కడే ఉంది పాపం, వెనక్కి తీసుకోవచ్చో లేదో తెలియనట్టు.

"ఈ సంగతి దానికి చెప్పండి," అంది టైలరక్క.

"ఏ సంగతి?"

"అన్నీ. నేను రోజూ తొక్కలు చూసి దాని ఒంట్లో ఎలా ఉందో తెలుసుకున్నానని చెప్పండి. తేనె సంగతి కూడా చెప్పండి. సోమవారం ఇన్‌స్పెక్టరు వస్తాడు. పక్కింటివాళ్ళు ఒప్పుకుంటే డబ్బా ఉంచుకోవచ్చట. ఒకసారి రమ్మనండి."

"నన్ను చంపుతుంది వదినా."

"చంపితే నాకు కబురు చెయ్యండి, నేనొస్తాను."

సోమవారం ఇన్‌స్పెక్టరు జలుబు తగ్గి వచ్చాడు. మూత తీయగానే రెండడుగులు వెనక్కి వేశాడు. "అమ్మో. నా జలుబే నయం," అన్నాడు. ఆమె అన్నమంతా ఏరి, పైన ఎండుటాకులు కప్పింది గానీ వాసన ఇంకా పోలేదు. అతను గోడవైపు చూశాడు. "పక్కింటివాళ్ళు వస్తున్నారా?"

"తెలీదు," అంది నిజమే చెబుతూ. పొద్దుటినుంచి గేటు చప్పుడైతే చాలు, మిషను మీద కాలు ఆగిపోతోంది. ఇద్దరు గిరాకీలొచ్చారు, ఎదురింటి కుక్క ఒకసారి తోసుకొచ్చింది. పిచ్చుక రాలేదు.

ఇన్‌స్పెక్టరు గడియారం చూసుకున్నాడు. మరోసారి చూసుకున్నాడు. "ఇంకా ఆగలేనండీ. నా చేతుల్లో లేదు," అని డబ్బా జరపడానికి అంచు పట్టుకున్నాడు.

"ఆగండి," అంది ఒక గొంతు.

పిచ్చుక గేటు లోపల ఒక్క అడుగే వేసి నిలబడింది. మోచేతిదాకా పిండి. పాపిట దగ్గర తెల్లవెంట్రుకలు. బుగ్గలు లోపలికి పోయాయి. ఇవేవీ ఏ తొక్కా చెప్పలేదు. టైలరక్క ఆ ముఖాన్ని కళ్ళతో తాగేసేలా చూసింది.

"ఫిర్యాదు నేనే చేశాను," అంది పిచ్చుక, ఇన్‌స్పెక్టరుతో. "ఆవిడకి చెప్పండి, తప్పు మావారిదని తేలింది. ఆయనకి చెప్పాల్సింది చెప్పాను."

"ఆవిడ ఇక్కడే ఉన్నారు కదండీ," అన్నాడతను.

"మీరు చెప్పండి."

"చెప్పారండీ," అన్నాడతను టైలరక్కతో. "మరి డబ్బా ఇక్కడే ఉండొచ్చా? మీరు ఒప్పుకుంటున్నారా?"

పిచ్చుక డబ్బాని చూసింది, గోడని చూసింది, చివరికి అక్కని చూసింది.

"తొక్కలు చూసి నా ఆరోగ్యం చెప్పేదానివట," అంది. ఈసారి ఇన్‌స్పెక్టరుతో కాదు.

"తప్పే చెప్పానులే."

"కోపంగా ఉన్నానని కూడా అనుకునేదానివట."

"మొద్దు కత్తి అని నాకేం తెలుసు."

పిచ్చుక పెదవి ఒక మూల కదిలింది, వెంటనే ఆగిపోయింది. "తలుపు కొట్టి అడగొచ్చుగా."

"కొడితే తీసేదానివా?"

ఇన్‌స్పెక్టరు తన బూట్లని శ్రద్ధగా చూసుకుంటున్నాడు.

"నేను ఒప్పుకోను," అంది పిచ్చుక అతనివైపు తిరిగి. "మూడడుగులు జరిపించండి. గోడమీంచి విసరడాలూ గిసరడాలూ ఇంక వద్దు."

టైలరక్క మెల్లగా తలూపింది. వంగి డబ్బాకి ఒక చెవి పట్టుకుంది. ఇన్‌స్పెక్టరు రెండో చెవి పట్టుకున్నాడు. డబ్బా కదల్లేదు. ఇన్నేళ్ళ బరువు అడుగున ముద్దకట్టి ఉంది. మూడోసారి లాగేసరికి ఇంకో రెండు చేతులు వచ్చి కింద ఆనాయి, పిండి చేతులు. ముగ్గురూ కలిసి ఈడ్చారు. గోడ పక్కన చతురస్రంగా తడి మట్టి మిగిలింది, దానిమీద వానపాములు గందరగోళంగా మెలికలు తిరుగుతున్నాయి.

ఇన్‌స్పెక్టరు కొలిచాడు, సరే అన్నాడు, వెళ్ళాడు. పిచ్చుక చేతులు దులుపుకుని గేటుదాకా నడిచింది. అక్కడ ఆగింది.

"వండినవి రావు ఇక. పచ్చివి మాత్రం పారెయ్యడం ఎందుకు," అంది వీధిలోకి చూస్తూ. "పొద్దున్న నేనుండను. సాయంత్రం బకెట్ తీసుకుని వచ్చి పట్టుకెళ్ళు. గేటు దగ్గరికి తెస్తాను. లోపలికి రానక్కర్లేదు."

ఆ సాయంత్రమే టైలరక్క బకెట్ కడిగి, తుడిచి, చీకటి పడకముందే ఆ గేటు ముందు నిలబడింది. పక్కపక్కనే ఉన్నా ఆ గేటు దాకా నడిచి చాలా ఏళ్ళయింది. గడియకి కొత్త రంగు వేశారు. పిచ్చుక బయటికొచ్చింది, గిన్నె బకెట్లోకి వంచింది. వంచుతున్నంతసేపూ అక్క ఆమె ముఖమే చూసింది. కళ్ళకింద నలుపు. బేకరీ పొయ్యి సెగో, నిద్రలేమో. అడగాలని ఉంది.

"రేపూ ఇదే టైముకి రానా?" అనడమే కుదిరింది.

"రేపు బేకరీకి సెలవు. పడుకుంటాను. ఎల్లుండి రా."

తలుపు మూసుకుంది. లోపల గిన్నె కడుగుతున్న చప్పుడు, మరిది ఏదో అడగడం, పిచ్చుక కసురుకోవడం వినిపించాయి. ఆ కసురు వినపడినంతసేపు ఆమె అక్కడే నిలబడింది. తర్వాత బకెట్ ఎత్తుకుని ఇంటికి వచ్చింది. రేపటికి కుట్టాల్సిన బట్టలు ఏమున్నాయో ఆలోచించింది. చాలానే ఉన్నాయి. అయినా రేపు ఎలా గడుస్తుందో తెలియలేదు.