పన్నెండో గుండీ

భూమ్మీద తను తీయలేని మరక ఇంకా పుట్టలేదని మావయ్య రోజుకు నాలుగుసార్లు ప్రకటించేవాడు. లాండ్రీ కౌంటరు వెనక గోడకు బోర్డు కూడా రాయించి పెట్టాడు: "మరక పోకపోతే ఆ బట్టలు నేనే తొడుక్కుని వీధి చివరిదాకా నడుస్తాను." ఇరవై రెండేళ్ళలో ఒక్కసారే నడవాల్సి వచ్చింది. అది ఒక నర్సమ్మ గౌను. ఆ దెబ్బకు రెండు కుక్కలు ఊరు వదిలి వెళ్ళిపోయాయని మేనకోడలు చెబుతుంది. కౌంటరు చూసుకునే ఆ పిల్ల చెప్పేవాటిలో సగం తీసేసి, మిగతా సగం ఇస్త్రీ చేసి వినాలి.

అసలు మొండి మరక ఆయన అరికాల్లోనే ఉంది. కుడి మడమ పక్కన నల్లటి చుక్క. నీలం కర్టెన్లు రంగు దిగినరోజు ఆ నీళ్ళలో వట్టికాళ్ళతో నిలబడ్డానని, ఇది ఆ రంగేనని మావయ్య వాదన. ఉప్పు రుద్దాడు. నిమ్మకాయ రుద్దాడు. కాలర్లు తోమే బ్రష్షుతో తోమాడు. చుక్క కదల్లేదు.

"బోర్డు ప్రకారం ఇప్పుడు మీ కాలు మీరే తొడుక్కుని వీధి చివరిదాకా నడవాలి," అంది అత్తయ్య.

"రోజూ దాన్నే తొడుక్కుని నడుస్తున్నాగా!"

ఆ చుక్కతో మేనకోడలికి వేరే పని ఉంది. మధ్యాహ్నం భోజనం కాగానే మావయ్య ఉతికిన దుప్పట్ల కుప్ప మీద బోర్లా పడుకునేవాడు. ఆ గురక అదురుకు హ్యాంగర్లు వాటంతటవే సైజులవారీగా సర్దుకునేవి. పైకి తేలిన అరికాలు బల్లలా ఊరిస్తుంటే, బట్టల నుంచి ఊడిపోయిన గుండీల డబ్బా తీసుకుని, ఆమె ఒకదాని మీద ఒకటి పేర్చేది. అడుగున ఎప్పుడూ ఒకే తెల్ల చొక్కా గుండీ. గురి తప్పకుండా దాన్ని సరిగ్గా నల్లచుక్క మీదే పెట్టేది. వారానికో ఫోటో. రికార్డు పదకొండు. ఐదు నెలలుగా పన్నెండో గుండీ నిలబడలేదు.

ఒకరోజు మావయ్య ఆ చుక్క మీద బ్లీచింగ్ పోసుకోబోతుంటే అత్తయ్య సీసా లాక్కుంది. "చర్మం డాక్టరమ్మకి చూపించేదాకా పొయ్యి వెలిగించను," అంది. రెండు పూటలు గడిచేసరికి ఆయనే అందరికన్నా ముందు బూట్లేసుకున్నాడు. మేనకోడలూ వెంట వెళ్ళింది.

డాక్టరమ్మ లైటున్న భూతద్దం పెట్టి చాలాసేపు చూసింది. ఒక్క జోకుకీ నవ్వలేదు.

"ఇది రంగు కాదండీ. ఒక పక్క నలుపు, ఒక పక్క గోధుమరంగు. ఈ సగానికీ ఆ సగానికీ పోలిక లేదు. అంచులు చింపిన కాగితంలా ఉన్నాయి. మెలనోమా అని ఒక చర్మం కాన్సరుంది, అదేమోనని నా అనుమానం. చిన్న ముక్క తీసి పరీక్షకి పంపాలి."

అత్తయ్య కుర్చీ చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"అది ఎండకొచ్చే జబ్బంటారు కదమ్మా," అన్నాడు మావయ్య. "అరికాలికి ఎండెక్కడిది? నేనేమన్నా తలకిందులుగా నడుస్తున్నానా?"

"ఎండ వల్లా వస్తుంది. మేడ మీద బట్టలు ఆరేసేటప్పుడు టోపీ, నిండుచేతుల చొక్కా వేసుకోండి. కానీ ఎండ పడని అరికాల్లో, అరచేతిలో, గోరు కింద కూడా వస్తుంది. మనలాంటి ఒంటిరంగు వాళ్ళకి ఎక్కువగా కనబడేది అక్కడే. ఈమధ్య పెరిగిందా?"

"పెరగడమా! పుట్టినప్పట్నుంచీ ఇంతే. పుట్టుమచ్చ."

"మొన్నటిదాకా కర్టెన్ల రంగన్నారుగా?" అంది అత్తయ్య.

"కర్టెన్ల రంగులో తడిసిన పుట్టుమచ్చ. పదండి, షాపు తెరవాలి."

"నాకైతే ఆగడం ఇష్టం లేదు. మీరు ఒప్పుకోకపోతే మాత్రం చెయ్యి పెట్టలేను," అంది డాక్టరమ్మ.

మావయ్య మేజోడు ఎక్కించుకుంటున్నాడు. మూడుసార్లు తొడిగినా మడమకు ఎక్కలేదు. పట్టుచీర మీద సిరా చుక్కను సూదిమొనతో తీసే చేతులవి. అవి ఓ మేజోడు తొడగలేకపోవడం మేనకోడలు మొదటిసారి చూసింది.

ఫోనులో ఫోటోలు చూపిస్తే కౌంటరు పని ఊడుతుంది. బహుశా చెవులు కూడా ఊడతాయి. అయినా తీసింది.

"డాక్టరమ్మా, ఇది ఐదు నెలల కిందటిది."

పై గుండీలు కనబడకుండా పెద్దది చేసిన ఫోటోలో అరికాలి మీద తెల్ల గుండీ. దాని చుట్టూ నలుపన్నదే లేదు.

"ఇది మొన్నటిది."

అదే గుండీ. చాలీచాలని మూత పెట్టిన గిన్నెలా నలుపు ఒక పక్క నుంచి బయటికొచ్చేసింది.

"గుండీ అదేనా?"

మేనకోడలు జేబులోంచి తీసిచ్చింది. డాక్టరమ్మ దాన్ని మడమ మీద పెట్టి చూసి తలూపింది. "ఒకే గుండీ పెట్టి ఇలా ఎవరూ తీయరు. అనుమానమొచ్చే తీశారా?"

మేనకోడలు గొంతు సవరించుకుంది. "అవునండీ. మొదటిరోజే అనుమానమొచ్చింది."

మావయ్య ఆ రెండు ఫోటోలూ మార్చి మార్చి చూశాడు. సగం ఎక్కిన మేజోడు లాగేశాడు. "తీయండమ్మా," అన్నాడు.

రెండు వారాలకు ఫలితం వచ్చింది. అదే జబ్బు. కానీ ఇంకా పలచగానే ఉంది, లోపలికి దిగలేదు. చుట్టూ కొంచెం ఎక్కువగా కోసి తీసేశారు. కొన్నేళ్ళపాటు మానకుండా వచ్చి చూపించుకోవాలన్నారు. "ఇంకో ఆర్నెల్లు తోముతూ కూర్చునుంటే ఈ మాట చెప్పగలిగేదాన్ని కాదు," అంది డాక్టరమ్మ.

ఇక కౌంటరు దగ్గర మేనకోడలిని పట్టేవాళ్ళు లేరు. సోమవారానికి ఆమె జబ్బు కనిపెట్టిన మనిషి. బుధవారానికి డాక్టరమ్మకు సలహా ఇచ్చిన మనిషి. శుక్రవారానికి డాక్టరమ్మే నోట్సు రాసుకుందట. ప్యాంటు తెచ్చినవాళ్ళందరిచేతా చెప్పులు విప్పించి అరికాళ్ళు, గోళ్ళు చూసి పంపుతోంది.

శనివారం మావయ్య కట్టుకట్టిన కాలు స్టూలు మీద పెట్టుకుని కూర్చున్నాడు. చేతిలో ఆమె ఫోను ఉంది.

"ఏమే కోతీ, ఇలా రా. గుండీ కొలతకే అనుకుందాం, బాగుంది. దానిమీద ఇంకో పది గుండీలెందుకు?"

"కొలత గట్టిగా ఉండాలని..."

"నా చెవులకి బట్టల క్లిప్పులు?"

ఆమె ఒక చొక్కా తీసి మడవడం మొదలుపెట్టింది.

"వీపుకి 'రెండుసార్లు ఉతకాలి' అని చీటీ?"

అత్తయ్య ఇస్త్రీపెట్టె ఆగింది.

"సరే, అవన్నీ వదిలెయ్. మొదటిరోజే అనుమానమొస్తే, ఐదు నెలలు నాతో ఒక్క ముక్కెందుకు చెప్పలేదే?"

గొంతులో కోపం లేదు. అదే ఆమెను పట్టేసింది. మడుస్తున్న చొక్కా పక్కన పెట్టింది.

"అనుమానం రాలేదు మావయ్యా. అంతా అబద్ధం. వారంవారం కళ్ళముందే పెరిగింది, నాకు కనబడలేదు. గుండీలు నిలబడ్డాయా పడ్డాయా, అదొక్కటే చూశాను. పన్నెండోది నిలబెట్టాలని..."

మావయ్య ఫోను ఆమె చేతిలో పెట్టాడు. "నిలబడిందా మరి?"

"లేదు," అంది ముక్కు తుడుచుకుంటూ. "పెట్టిన ప్రతిసారీ నువ్వే గురకపెట్టి పడేశావు."