తడి ఆరని విత్తనాల మూట

మా కోడలికి ఒక అలవాటుండేది. చంద్రకాంత గింజలు మిరియాల్లా గట్టిగా ఉంటాయి కదా, వాటిని నానబెట్టి, తడిగుడ్డలో మూటకట్టి, ఆ మూట నడుముకు కట్టుకుని మూడు రోజులు ఇంటి పనులన్నీ చేసుకునేది. ఒంటి వేడికి గింజ చిట్లి మొలక వచ్చేది.

"ఎవరి ఒంటి వేడికి మొలిస్తే మొక్క వాళ్ల మాటే వింటుంది అత్తయ్యా" అనేది.

"కన్నకొడుకే నా మాట వినడు, ఇక మొక్క వింటుందా" అని నేను నవ్వేదాన్ని. ఆమె వేసే ముడికి రెండు మెలికలు. పళ్లతో లాగితే తప్ప ఊడేది కాదు.

చలికాలం మొదట్లో జ్వరమొచ్చి ఆమె పోయింది. అప్పట్నుంచి నా మనవరాలు గుక్కెడు పాలు తప్ప ముద్ద ముట్టలేదు. ఆరేళ్ల పిల్ల, మేం పిచ్చుక అని పిలుస్తాం. నిజంగానే పిచ్చుకంత అయిపోయింది. బతిమాలాను, బెదిరించాను, ఏడ్చాను. పెదవి విప్పితేనా!

ఎండలు మొదలయ్యాక బీరువా సర్దుతుంటే కోడలి స్వెట్టర్ జేబులో ఆ మూట దొరికింది. నాలుగు నెలల నాటిది, ఎండి రాయైపోయి ఉండాలి. తడిగా ఉంది. వెచ్చగా కూడా ఉంది, అప్పుడే నడుము మీంచి విప్పినట్టు. లోపల తెల్లటి మొలకలు.

పారేయాల్సింది. మొలకొచ్చిన గింజను పారేయడానికి నాకు చేతులు రాలేదు. బాల్కనీలో కోడలి స్ట్రాబెర్రీ కుండీల పక్కనే నాటాను. నేను చేసిన తప్పంతా అదే.

మొక్కలు ఎదిగి, ఒక సాయంత్రం పూశాయి. వెలుతురేమో వీధి వైపు, పూలేమో అన్నీ పిచ్చుక గది కిటికీ వైపు. కుండీలు తిప్పి పెట్టాను. మర్నాడు మళ్లీ కిటికీ వైపే.

ఆ వారమే పిల్ల బాల్కనీలోంచి ఎర్రటి మూతితో వచ్చింది.

"ఏం తిన్నావే?"

"స్ట్రాబెర్రీలు."

వెళ్లి చూశాను. కుండీల్లో అన్నీ పచ్చి పిందెలే.

"ఎవరిచ్చారే తల్లీ?"

"ఇంకెవరు, అమ్మే. నీకూ ఇస్తానంది. నానమ్మకి పళ్లు లేవు, వద్దులే అన్నాను."

పిల్ల బుగ్గలు నిండాయి. బస్సు నడిపి ఇంటికొచ్చిన మా అబ్బాయి చూసి, "ఎండ తగిలితే ఆకలేస్తుందమ్మా, నే చెప్పలా" అన్నాడు. ఎవరు పెడితేనేం, తింటోంది కదా! పెట్టు తల్లీ, పెట్టు అనుకుంటూ ఆ మొక్కలకు రోజూ నీళ్లు పోశాను.

రెండ్రోజులుగా నేనే పోసుకుంటానంటున్న పిల్లకు నిన్న మధ్యాహ్నం స్నానం చేయించబోతే, నడుముకు తడిమూట. రెండు మెలికల ముడి.

"ఇదెవరు కట్టారే?"

"అమ్మ. మూడు రోజులు ఉంచుకోమంది. మొలకొస్తే నేను అమ్మతో వెళ్లిపోవచ్చట."

"ఎన్ని రోజులైంది?"

"ఇవాళ్టితో మూడు."

నాకున్న నాలుగు పళ్లతోనే ఆ ముడి లాగాను. గింజలు ఉబ్బి ఉన్నాయి, ఇంకా చిట్లలేదు. మూట తీసుకుని బాల్కనీలోకి వెళ్లి కుండీల ముందు కుర్చీ వేసుకున్నాను.

"అమ్మాయీ, పిల్లకు తిండి పెట్టావు, నీ కడుపు చల్లగుండ. పిల్లను మాత్రం అడగకు. తోడే కావాలంటే నేనున్నాను. కాకపోతే నా సాధింపు నీకు తెలుసుగా, ఆలోచించుకో."

మూట నా నడుముకు కట్టుకున్నాను. నాది జారుముడి, ఎప్పుడూ అంతే. అలాగే కునుకు పట్టేసింది.

మెలకువ వచ్చేసరికి పొద్దు వాలుతోంది, పూలు విచ్చుకుంటున్నాయి. ఒక్కటీ కిటికీ వైపు లేదు. అన్నీ నా కుర్చీ వైపే.

నడుము తడుముకున్నాను. ముడికి రెండు మెలికలున్నాయి.

లోపల్నుంచి పిచ్చుక అరిచింది. "నానమ్మా, ఆకలేస్తోంది! ఏదైనా పెట్టవే!"

వాళ్లమ్మ పోయాక నన్ను అడగడం ఇదే మొదటిసారి.

"వస్తున్నానే" అన్నాను. నా ఒంటి మీద మొలకకు మళ్లీ మూడు రోజులు పడుతుంది. ఈలోగా దానికి నా చేత్తో కడుపునిండా పెట్టాలి.