మూడో అంతస్తుకి అన్నం

పెళ్లయిన కొత్తలో కోమలి వండిన అన్నం ఒకసారి ముద్దయింది. అంతే, పందొమ్మిదేళ్లయినా అత్తగారు విశాలాక్షి ఆ సంగతి వదల్లేదు. ఇంటికొచ్చిన వాళ్లందరికీ "మా కోడలికి అన్నం వార్చడం రాదమ్మా, ముద్ద చేసేస్తుంది" అని పరిచయం చేసేది. అలాంటి కోమలికి, కరోనా రెండోసారి విరుచుకుపడిన ఆ ఏప్రిల్‌లో, సూరత్‌లోని వాళ్ల ఫ్లాట్‌లో, రోజూ పదకొండింటికి కావాలనే అన్నం ముద్దగా వండే పని పడింది.

పని తెచ్చిపెట్టింది భర్త లక్ష్మీకాంత్. హజీరాలో అతను మేనేజరుగా ఉన్న ఫ్యాక్టరీలో యంత్రాలు బిగించడానికి జపాన్ నుంచి వచ్చిన హరాదా అనే పెద్దాయన, వెళ్లే దారి లేక గెస్ట్‌హౌస్ మూడో అంతస్తులో చిక్కుకుపోయాడు. వంటవాళ్లు సొంత ఊళ్లకు పోయారు. "మా ఆవిడ చేసి పంపుతుందని చెప్పేశాను" అన్నాడు లక్ష్మీకాంత్, బూట్లు విప్పుతూ. ముందు కోమలిని అడగాలని అతనికి తట్టలేదు. ఇంట్లో ఫ్యాన్‌ని అడిగి వేస్తామా?

ముంబయి నుంచి రెండు రకాల జపాన్ బియ్యం తెప్పించి ఇంటికి పంపారు. "ఏదో ఒకటి వండు, బియ్యమేగా" అన్నాడతను. కోమలి మాత్రం రెండు గుప్పెళ్లూ నల్లటి పళ్లెంలో పోసుకుని కిటికీ దగ్గర కూర్చుంది. ఒకదాంట్లో గింజ కడుపున తెల్లటి మచ్చ, నూకలు కూడా ఎక్కువ. రెండోది పొట్టిగా, గుండ్రంగా, తేటగా ఉంది. సంచి మీద మర పట్టిన తేదీ కూడా దగ్గరిదే. అదే వండుతానంది. ఆ ఇంట్లో ఆమె ఫలానాది కావాలని చెప్పి ఎన్నేళ్లయిందో.

ఎలా వండాలో హరాదా బొమ్మలు గీసి పంపాడు. మొదటి కడుగు నీళ్లు వెంటనే పారబోయాలి. తర్వాత మూడుసార్లు గింజ విరగకుండా వేళ్లతో తిప్పి కడగాలి. అరగంట నానాలి. నీళ్లు బియ్యం కంటే కాస్త ఎక్కువ, అంతే. గంజి వార్చేది లేదు. బరువైన మూత పెట్టి, పొంగు రాగానే మంట తగ్గించి పన్నెండు నిమిషాలు, ఆర్పేశాక ఇంకో పది నిమిషాలు. అంతసేపూ మూత తీయకూడదు.

ఆ ఇరవై రెండు నిమిషాలూ కోమలి పొయ్యి దగ్గరే నిలబడేది. "కోమలీ, నా కళ్లజోడు" అని అత్తగారు పిలిచినా, "కాఫీ" అని లాప్‌టాప్ ముందు కూర్చున్న భర్త కేకేసినా, "కదలకూడదండీ, పాడైపోతుంది" అనేది. కదలకూడదని ఆ కాగితంలో ఎక్కడా లేదు. పెళ్లయ్యాక పగటిపూట ఆమెకంటూ దొరికిన సమయం అదొక్కటే. విమానాలు మొదలై ఆయన వెళ్లిపోతే ఇది కూడా పోతుందే అని అప్పుడే దిగులు పట్టుకుంది.

డ్రైవర్ వెంకటయ్య స్టీలు డబ్బా తీసుకెళ్లి గది బయట స్టూలు మీద పెట్టి, అక్కడున్న నిన్నటి డబ్బా తెచ్చేవాడు. అది తళతళలాడేలా తోమి, గుడ్డలో ముడివేసి ఉండేది. మొదటిరోజు దాన్ని పట్టుకుని కోమలి అలాగే నిలబడిపోయింది. ఆ ఇంట్లో తిన్న కంచం ఎవరూ తీయరు. లక్ష్మీకాంత్ కంచంలోనే చెయ్యి కడుగుతాడు. ఆమెకు ఏడుపొచ్చింది.

మే నెల వచ్చాక డబ్బా చల్లగా రావడం మొదలైంది. మండుటెండలో గంట ప్రయాణం చేసి వచ్చినా, లోహం వేళ్లకు జిల్లుమనేది. అడుగున తడి ఆరేది కాదు. వెంకటయ్యని అడిగితే, "ఏమోనమ్మా. ఆ సార్ తలుపు తెర్వంగ నేనైతే సూడలే. మునుపు టీవీ సప్పుడన్న ఇనవడుతుండె, గిప్పుడు అది గూడ లేదు" అన్నాడు.

ఓ మధ్యాహ్నం లక్ష్మీకాంత్ భోజనం చేస్తూ ఆఫీసులోని మరో తెలుగాయనతో ఫోన్లో మాట్లాడుతున్నాడు. "హరాదా సామాన్లు జపాన్‌కి పంపాలి కదా. ఆయన పోయి పన్నెండు రోజులైంది, గది ఇంకా తెరవనేలేదు."

వడ్డిస్తున్న కోమలి గరిటె కింద పెట్టింది. అతను ఫోన్ పెట్టేదాకా ఆగి, "ఎవరు పోయారండీ?" అంది.

"హరాదా. ఆస్పత్రిలో. నీకు చెప్పలేదూ? చెప్పాననుకున్నానే."

"మరి నేను రోజూ పంపుతున్న అన్నం?"

అతను తలెత్తాడు. ఇంకా పంపుతున్నావా అన్నట్టు చూశాడు. తన ఇంట్లోంచి, తన కారులో రోజూ వెళ్తున్న డబ్బా అతని కంట పడనేలేదు. వెంకటయ్యకీ ఎవరూ చెప్పలేదు.

గెస్ట్‌హౌస్‌కి ఫోన్ చేశాడు. గేటు దగ్గర కాపలా మనిషి తప్ప భవనంలో ఎవరూ లేరట. అతను భయంతో మెట్లే ఎక్కడం లేదట. పన్నెండు రోజులుగా మూడో అంతస్తుకి నీళ్లు కూడా కట్టేశారట. అంతలో బెల్లు మోగింది. గుమ్మంలో వెంకటయ్య, చేతిలో గుడ్డ ముడివేసిన డబ్బా. సంగతి విని దాన్ని కింద పెట్టి వెనక్కి జరిగాడు. "ఇయ్యాల గూడ తడి ఉన్నదమ్మా" అన్నాడు మెల్లగా.

విశాలాక్షి మంచం దిగి వచ్చింది. "ముట్టుకోకు దాన్ని. పిండాల అన్నంలా ఉందని నేను మొదట్నుంచీ అంటూనే ఉన్నాను. ఆ బియ్యం పారబోయి. రేపట్నుంచి అది పొయ్యెక్కడానికి వీల్లేదు."

"అమ్మ చెప్పినట్టు చెయ్" అన్నాడు లక్ష్మీకాంత్. "ఎవడో దొంగచాటుగా తింటున్నట్టున్నాడు." అని కంచంలో చెయ్యి కడుక్కుని లేచాడు.

మర్నాడు పదకొండింటికి కోమలి బియ్యం కొలిచి నీళ్లు పోసింది. వంటింటి గుమ్మంలోకి అత్తగారు వచ్చి నిలబడింది, ఆవిడ వెనక లక్ష్మీకాంత్.

"ఎవరికే అది?"

"హరాదా గారికి. వెంకటయ్య భయపడుతున్నాడు, నేనే తీసుకెళ్తాను."

"పోయినవాడికి వండి మోసుకెళ్తావా? భయం లేదూ నీకు?"

భయం లేకేం. అయినా మొదటి కడుగు పారబోసి, తడి చేతులు కొంగుకి తుడుచుకుని ఇద్దరి వైపూ తిరిగింది.

"ఇకనుంచి తిన్న గిన్నె కడిగేవాళ్లకే వండుతాను అత్తయ్యా. ప్రస్తుతానికి ఆయనొక్కరే ఉన్నారు."