నాలుగో బొమ్మ అలిగింది

దిల్‌సుఖ్‌నగర్ మెయిన్ రోడ్డు మీద బాల్‌రాజ్‌కు చీరల దుకాణం ఉంది. ఆయనకు వరస అంటే ప్రాణం. అద్దాల షోకేసులో పదకొండు బొమ్మలు, పదకొండింటికీ ఒకే ఎత్తు, ఒకే నవ్వు. కుచ్చిళ్లు కూడా స్కేలు పెట్టి కొలిచినట్టుండాలి. జనం మాత్రం మెట్రో పిల్లర్లను దాటినట్టే వాటినీ దాటిపోయేవారు.

షోకేసు సర్దడానికి కొత్తగా సూర్యప్రభ చేరింది. వాళ్లది భీమవరం వైపు, ఉండేది చైతన్యపురిలో. చేరిన మూడోరోజు పొద్దున్నే నాలుగో బొమ్మను గోడవైపు తిప్పేసింది.

"గిదేంది? దాని మొఖమెటు పోయింది?" అన్నాడు బాల్‌రాజ్.

"అన్నీ కుదురుగా ఉంటే కన్ను జారిపోతుందండి. ఒక్కచోట తట్టుకోవాలి. మిగతా పదీ బుద్ధిగా ఉన్నాయి కాబట్టే ఇది కనబడుతుంది."

పది గంటలకు కూరగాయల సంచితో సరూర్‌నగర్ ఇంద్రమ్మ లోపలికొచ్చింది. ఇరవయ్యేళ్లుగా ఆ దారినే నడుస్తున్నా మెట్టెక్కడం అదే మొదలు.

"గా పిల్ల ఎందుకలిగింది? ఎవలేమన్నరు?"

"అది బొమ్మ, అమ్మా," అన్నాడు బాల్‌రాజ్.

"బొమ్మయితే? కడమ పదీ అలగలే గదా!"

మధ్యాహ్నానికి దుకాణం నిండిపోయింది. ఒకావిడ డబ్బాలో పులిహోర తెచ్చి బొమ్మ పక్కన పెట్టింది. రిటైరైన తహశీల్దారు రామమోహనరావు కుర్చీ వేయించుకుని విచారణ మొదలుపెట్టాడు.

"ఈ చీర ఎవరి ఎంపిక?"

"నాదే," అన్నాడు బాల్‌రాజ్.

"ఆవిణ్ణి అడిగే కట్టించారా?"

"లేదు."

జనం నిట్టూర్చారు.

సాయంత్రం బాల్‌రాజ్ ముప్పైమంది ఎదుట బొమ్మకు చేతులు జోడించాడు. "తప్పయింది, తల్లీ." అని, చెప్పులు కూడా విడిచాడు. ఎందుకో ఆయనకే తెలియలేదు. బొమ్మ తిరగలేదు. "జర టైం ఇయ్యాలె," అని ఇంద్రమ్మ సర్దిచెప్పి, ఉత్తచేతులతో పోవడం బాగోదని రెండు చీరలు కొన్నది. ఆమెను చూసి మిగతావాళ్లూ కొన్నారు.

బాల్‌రాజ్‌కు ఆశ పుట్టింది. ఆదివారం సూర్యప్రభ సెలవులో ఉండగా పదకొండు బొమ్మలనూ గోడవైపు తిప్పేశాడు. ఒక్కరూ రాలేదు. రామమోహనరావు గడప దగ్గరే ఆగాడు.

"ఒకరు అలిగితే అలకండీ. అందరూ అలిగితే సమ్మె. అది నా పరిధిలోకి రాదు," అని ఆటో ఎక్కేశాడు.

సోమవారం సూర్యప్రభ షోకేసు చూసి, "ఇదీ వరసేనండి. వెనక్కి తిరిగిన వరస," అంది. పదింటిని రోడ్డువైపు తిప్పింది. తొమ్మిదోదాన్ని మాత్రం ఓరగా, ఒక భుజం కనబడేంత వరకే తిప్పింది.

"ఇంకొంచెం తిప్పు," అని బాల్‌రాజ్ ఫుట్‌పాత్ మీద నుంచి అరిచాడు.

"చాలండి. ఇంకా తిప్పితే పొగరవుతుంది."

జనం మళ్లీ ఆగడం మొదలుపెట్టారు. మళ్లీ అదే ప్రశ్న. ఇప్పుడు బాల్‌రాజ్ వాదించడం మానేశాడు. "నేనే ఏదో అని ఉంట," అని తల వంచుకుని, కూర్చోమని చాప చూపిస్తాడు.