ఐదుంబావు పిలుపు

పొద్దున ఎనిమిదిన్నరకల్లా మహిమ పశువుల ఆసుపత్రి తాళం తీస్తుంది. ముక్త్యాల రోడ్డు మీద సిమెంటు లారీలు లేపిన దుమ్ము అప్పటికే బల్ల మీద పేరుకుని ఉంటుంది. అది తుడిచి, రిజిస్టరు తీసి, రబ్బరు బూట్లు తొడుక్కునేసరికి బయట పరీక్షకి పశువుల్ని కట్టేసే ఇనప గొట్టాల చట్రం దగ్గర రెండు మూడు గేదెలు నిలబడి ఉంటాయి. ఒకదానికి పొదుగువాపు, ఒకదానికి మేత సహించదు, ఇంకొకటి ఎందుకొచ్చిందో దాన్ని తోలుకొచ్చినాయనకే సరిగ్గా తెలియదు. మధ్యాహ్నం దాకా వాటితోనే సరిపోతుంది. ఆ తర్వాత స్కూటీ మీద చుట్టుపక్కల ఊళ్ళు తిరగడం.

గన్నవరం పశువైద్య కాలేజీలో చదువు ముగించి ఉద్యోగంలో చేరి ఏడాదిన్నరయింది. సొంత ఊరికే పోస్టింగు రావడం అదృష్టమని తోటివాళ్ళు అన్నారు. అనడానికేం, వాళ్ళవి వేరే ఊళ్ళు. ఇక్కడ సగం మందికి మహిమ అంటే డాక్టరు కాదు, వాళ్ళ నాన్న వెనకాల ముక్కు కారుతూ గేదెల మధ్య పరిగెత్తిన పిల్ల.

ఆ నాన్న ప్రేమదాసు నలభై ఏళ్ళు ఊరి గేదెల్ని మేపాడు. అందులో సగం ఊళ్ళో పెద్ద రైతు కుటుంబరావు గారి మందే. సాయంత్రం ఐదుంబావుకి సాగర్ కాలువ కట్టెక్కి "హో... దా... దా దా" అని ఒక్క పిలుపు పిలిచేవాడు. బురదలో మునిగి కళ్ళు మూసుకున్న గేదె కూడా లేచి ఇంటిదారి పట్టేది. మూడేళ్ళ కిందట గొంతులో పుండు ముదిరితే గుంటూరులో ఆపరేషన్ చేసి స్వరపేటిక తీసేశారు. దాంతో మాట పోయింది. పిలుపు మాత్రం పోలేదు. ఆపరేషన్ అయిన రోజు, ఆయనింకా ఆసుపత్రి మంచం మీద మత్తులో ఉండగానే, ఊళ్ళో ఐదుంబావుకి కట్ట మీంచి పిలుపు మామూలుగానే వినిపించింది. గేదెలు మామూలుగానే ఇళ్ళకి చేరాయి. అప్పట్నుంచి ఒక్క సాయంత్రం తప్పలేదు. కట్ట మీద మనిషి ఉండడు, పిలుపు ఉంటుంది. వానాకాలంలో కాస్త బొంగురుపోతుంది, అంతే. పాలకేంద్రం తలుపులు దాన్ని బట్టే తీస్తారు. ప్రేమదాసు ఆ వేళకి టీ గ్లాసు పట్టుకుని అరుగు మీద కూర్చుంటాడు. పిలుపు సరిగ్గానే వచ్చిందని తల ఊపి, మిగతా టీ తాగుతాడు.

కుటుంబరావు గారి మందలో ఇప్పుడు మిగిలింది ఒక్క గేదె, గౌరి. దాన్ని చూసుకునేది కోడలు మైథిలి. నందిగామలో డిగ్రీ చదివిన పిల్ల. ఈ ఇంటికొచ్చిన కొత్తలో గేదెని చూస్తే ఆమడ దూరం పరిగెత్తేది. తర్వాత్తర్వాత గౌరి ఆమె చెయ్యి తగిలితే తప్ప పాలు చేపేది కాదు. కానీ గౌరి ఒట్టిపోయి చాలా రోజులయింది. చూడి నిలవడం లేదు. మూడు నెలల కిందట మరోసారి చూడి సూది వేయించారు. ఈసారీ నిలవకపోతే అమ్మేద్దామని కుటుంబరావు గారు తేల్చి చెప్పారు. చూడి లేని ముసలి గేదెని కొనేవాళ్ళు దాన్ని పాలకి కొనరని మైథిలికి తెలుసు. అందుకే మహిమ చూడి పరీక్షకి వచ్చిన రోజు ఆమె గౌరి మెడ నిమురుతూ దాన్ని అంటిపెట్టుకునే నిలబడింది.

మహిమ సూది వేసిన తేదీ చూసుకుంది. మూడు నెలలు. భుజం దాకా గ్లవ్ తొడుక్కుని చెయ్యి లోపలికి పోనిచ్చి, మూడు నెలల గర్భం ఎక్కడ ఉండాలో అక్కడ వెతికింది. అక్కడ ఏమీ లేదు.

"చూడి లేదండీ," అంది.

కుటుంబరావు గారు నిట్టూర్చారు. పక్కనున్నవాళ్ళతో, "మా ప్రేమదాసు కూతురు చెప్పిందంటే ఇక తిరుగులేదు," అన్నారు. ఆయన ఎవరికి పరిచయం చేసినా అలాగే చేస్తారు. మెప్పుగానే అంటారు. అయినా ఆ మాట విన్నప్పుడల్లా మహిమకి కాలేజీ పట్టా ఎవరో తీసి అటక మీద పెట్టినట్టుంటుంది. బక్కెట్టూ మగ్గూ పెరటి గోడ దగ్గర పెట్టి ఉన్నాయి, నీళ్ళు పోయడానికి ఎవరూ రాలేదు; వెళ్ళి తనే చేతులు కడుక్కుని వచ్చేసింది.

మర్నాడు ప్రేమదాసు గౌరిని చూడ్డానికి వెళ్ళాడు. తిరిగొచ్చి కూతురి ముందు నిలబడి, అరచేతిని గాలిలో గుండ్రంగా తిప్పి, వేళ్ళతో ఆరు చూపించాడు. ఆరు నెలలు.

"రిజిస్టర్లో తేదీ ఉంది నాన్నా. నేను చెయ్యి పెట్టి చూసా," అంది మహిమ.

ఆయన మళ్ళీ ఆరు చూపించాడు. సంక్రాంతికి ముందే కోతలయిన చేలల్లో గేదెల్ని వదిలిన సంగతి, అక్కడ ఊరి దున్నపోతు తిరిగిన సంగతి చేతులతో చెప్పబోయాడు. మహిమ స్కూటీ తాళాలు తీసుకుంది. వెళ్ళి మళ్ళీ చూస్తే పోయేదేమీ లేదని ఆమెకీ తెలుసు. కానీ చెప్పిన మాట వెనక్కి తీసుకుంటే ఊరంతా ఏమంటుంది? గేదెలు కాసేవాడి కూతురికి ఇంతకంటే ఏం తెలుస్తుందిలే అనదా? ఆ భయం ముందు నాన్న చూపించిన ఆరు వేళ్ళూ ఆమె కంటికి ఆనలేదు.

శుక్రవారం బేరగాడు సతీష్‌బాబు వ్యాను తెచ్చాడు. పొద్దున్నే రావలసినవాడు, రోడ్డు మీద సిమెంటు లారీ అడ్డంగా ఆగిపోవడంతో వచ్చేసరికి సాయంత్రం ఐదయింది. పశువుని బండెక్కించాలంటే డాక్టరు సర్టిఫికెట్ కావాలి కనుక మహిమకి కబురొచ్చింది. ఆమెతోపాటు పిలవకుండానే ప్రేమదాసూ వచ్చి గొడ్లసావిడి గుంజకి ఆనుకుని నిలబడ్డాడు.

అమ్మిన గొడ్డుతో ఇంటి పలుపు పంపరు. కుటుంబరావు గారు గౌరి మెడలోని పాత పలుపు విప్పి తన భుజాన వేసుకున్నారు. సతీష్‌బాబు తను తెచ్చిన కొత్త నైలాన్ తాడు కట్టాడు. అంతటితో గౌరి ఆ ఇంటిది కాకుండా పోయింది. మైథిలి చప్పుడు చెయ్యకుండా ఏడుస్తూ వంటింట్లోకి వెళ్ళిపోయింది.

మహిమ స్కూటీ సీటు మీద కాగితాల పుస్తకం పెట్టుకుని రంగు రాసింది, కొమ్ముల తీరు రాసింది. 'చూడి లేదు' అని రాసింది. ఇక సంతకం చెయ్యాలి.

అప్పుడు ఐదుంబావయింది.

పిలుపు రోజూలాగే కాలువ కట్ట మీద మొదలైంది. కానీ అక్కడ ఆగలేదు. కట్ట దిగి, చర్చి పక్క సందులోంచి నడిచి, సావిడిలోకి వచ్చింది. "హో... దా... దా దా." ప్రేమదాసు పెదవులు బిగిసే ఉన్నాయి. గౌరి చెవులు నిక్కబొడిచి పిలుపు వచ్చిన వైపుకి తల తిప్పింది. మరుక్షణం దాని కుడి డొక్క లోపలి నుంచి ఒక గుండ్రటి మోకాలు చర్మాన్ని తోసుకుంటూ పైకి లేచి, అటే తిరిగి, మెల్లగా అణిగింది. అందరూ చూశారు. లోపలున్నది కూడా ఇంటికి బయల్దేరింది.

మహిమ పెన్ను జేబులో పెట్టుకుంది. సిగ్గుతో చెవులు వేడెక్కాయి. గ్లవ్ తొడుక్కుని గౌరి వెనక నిలబడి, ఈసారి తేదీని నమ్మకుండా చేతిని నమ్మి వెతికింది. ఆరో నెలలో గర్భం బరువుకి పొట్ట అడుగుకి జారిపోతుంది. మూడు నెలల దాని కోసం పైపైన వెతికిన చేతికి ఖాళీ తగలక ఏం తగులుతుంది? గర్భసంచికి రక్తం తెచ్చే నాళం చిటికెన వేలు లావున, కుళాయి గొట్టంలా జుమ్మని కొట్టుకుంటోంది. ఇంకా లోపలికి చెయ్యి చాచితే ఒక చిన్న గిట్ట వేలికొసని తన్నింది.

ఆమె చెయ్యి తీసి కుటుంబరావు గారి వైపు తిరిగింది. "ఆరో నెలండీ. సూదికి కాదు, అంతకు ముందే చేలో చూడి కట్టింది. ఆ రోజు నేను తప్పు చెప్పా. మా నాన్న నాకు చెప్పాడు. నేనే వినలేదు."

ఏ మాట వెనక్కి తీసుకోవడానికి భయపడిందో ఆ మాటే అందరి ముందూ వెనక్కి తీసుకుంది. వంటింటి గుమ్మంలో మైథిలి రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని నిలబడింది. బేరం అయిపోయాక ఇదేమిటని సతీష్‌బాబు గొణిగాడు. కుటుంబరావు గారు అతని నైలాన్ తాడు విప్పి అతని చేతికిచ్చారు. భుజాన ఉన్న పాత పలుపు తీసి ప్రేమదాసుకి అందించారు. ఆయన వంగి, నలభై ఏళ్ళు వేసిన ముడే వేశాడు.

సతీష్‌బాబు వ్యాను వైపు నడుస్తూ, పలుపు కట్టిన ఆ ముసలాయన ఎవరని అడిగాడు.

"ఆయనా?" అన్నారు కుటుంబరావు గారు. "మా డాక్టరు గారి నాన్న."

మహిమ చేతులు కడుక్కోవడానికి పెరటి గోడ వైపు వెళ్ళబోయింది. "ఆగమ్మా," అని కుటుంబరావు గారు బక్కెట్టు తనే తెచ్చారు. మగ్గుతో నీళ్ళు ముంచి, మోచేతుల నుంచి వేళ్ళ దాకా నిదానంగా పోశారు. సబ్బు సరిగ్గా వదల్లేదని రెండోసారి కూడా పోశారు. మహిమకి కళ్ళలో నీళ్ళు తిరిగాయి, చేతులు తడిగా ఉండడంతో తుడుచుకోవడం కుదర్లేదు.

సోమవారం ఆమె ఆసుపత్రి బోర్డు మీద సుద్దతో కొత్త వరస రాసింది: చూడి పరీక్షలు సాయంత్రం ఐదింటికి. ఐదయ్యేసరికి చట్రం దగ్గర ఏడు గేదెలు ఉన్నాయి. వాటి పక్కనే కుర్చీలో, టీ గ్లాసు పట్టుకుని ప్రేమదాసు కూర్చున్నాడు. మహిమ మొదటి గేదె దగ్గరికి వెళ్ళి గ్లవ్ తొడుక్కుంది. "నాన్నా, నువ్వేమంటావ్?" అని అడిగి, ఆయన వేళ్ళు ఎన్ని లేస్తాయో చూసింది.